ముల్లు నిలవాలంటే

చిల్లకూరు మండలం తూర్పు కొస బంగాళాఖాతానికి ఆనుకుని ఉంటుంది. తమ్మినపట్నం వైపు నుంచి వీచే ఉప్పుగాలి కిటికీ ఊచల్ని వదలదు, సైకిల్ చైన్లని వదలదు, గోడకు తగిలించిన ఎలక్ట్రిక్ గిటార్‌నీ వదలదు. కొత్తగా వేసిన తీగలు కొన్ని వారాలకే మెరుపు పోయి వేలికి గరుకుగా తగులుతాయి. అప్పుడు ట్యూనర్ తగిలించి లావు తీగ మీటితే ముల్లు ఒకచోట నిలవదు. ఒకసారి కుడికి పోతుంది, మరోసారి ఎడమకు వాలుతుంది, మధ్యలో సంబంధం లేని మరో స్వరం పేరు తెర మీద మెరిసి మాయమవుతుంది. వాయించేవాడు కీ బిగిస్తాడు, వదులు చేస్తాడు, మళ్లీ బిగిస్తాడు. అవతల కీబోర్డు వాయించే మనిషి ఎదురుచూస్తుంటాడు.

ఇలాంటప్పుడు నోట వచ్చే మొదటి మాట ట్యూనర్ పాడైందని. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. తనకు వినపడిందే అది చెబుతుంది. మీటిన తీగతో పాటు పక్క తీగల మోత, కేబుల్లో దూరిన కరెంటు రొద, నెత్తిమీద తిరిగే ఫ్యాన్ చప్పుడు అన్నీ కలిపి చెబుతుంది. పళ్లెం మీద గాలి కొడుతుంటే తక్కెడ ముల్లు నిలవనట్టే ఇదీ. కీ మీద చెయ్యి వేయకముందే ట్యూనర్‌కు చేరే శబ్దాన్ని శుభ్రం చేసుకోవాలి. ఆ ఒక్క అలవాటు పడితే శ్రుతి చేయడంలో ఉన్న చిరాకు చాలావరకు తగ్గిపోతుంది.

ముందు కొలత సంగతి. మామూలు ట్యూనింగ్‌లో లావు ఈ తీగ సెకనుకు 82.41 సార్లు కంపిస్తుంది. ఆ తర్వాత ఏ తీగ 110, డి 146.83, జి 196, బి 246.94, చివరి సన్న ఈ తీగ 329.63. ఈ అంకెలన్నీ ఒక్క ఒప్పందం మీద ఆధారపడినవి. మధ్య సప్తకంలోని ఏ స్వరాన్ని 440 హెర్ట్జ్‌గా తీసుకోవాలని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1955లో సిఫారసు చేసింది, 1975లో ఐఎస్ఓ 16 పేరుతో ఖాయం చేసింది. ట్యూనర్ తెర మీద మాత్రం కనిపించేవి సెంట్లు. పందొమ్మిదో శతాబ్దంలో అలెగ్జాండర్ ఎల్లిస్ తెచ్చిన ఈ కొలతలో ఒక సప్తకానికి 1200 సెంట్లు, పక్కపక్క రెండు ఫ్రెట్ల మధ్య 100 సెంట్లు. మంచి పెడల్ ట్యూనర్ ఒక సెంటు అటూఇటూగా చూపిస్తుంది. ఐదారు సెంట్ల తేడాను అలవాటైన చెవి పట్టేస్తుంది.

లావు తీగ దగ్గరే ముల్లు ఎక్కువగా ఎందుకు తడబడుతుందో ఈ అంకెలే చెబుతాయి. సన్న ఈ తీగ మీద ఒక సెంటు అంటే హెర్ట్జ్‌లో ఐదో వంతు. లావు ఈ తీగ మీద అదే సెంటు హెర్ట్జ్‌లో ఇరవయ్యో వంతు. అంత చిన్న తేడా తేల్చడానికి ట్యూనర్ ఎక్కువ కంపనాలు లెక్కపెట్టాలి, అంటే ఎక్కువసేపు వినాలి. తీగ మీటిన అరసెకనుకే కీ తిప్పడం మొదలుపెడితే అది ఏదీ తేల్చలేదు. పన్నెండో ఫ్రెట్ మీద వేలు తాకీతాకనట్టు పెట్టి మీటితే వచ్చే హార్మోనిక్ సరిగ్గా ఒక సప్తకం పైన, 164.8 దగ్గర మోగుతుంది. నీరసంగా ఉన్న ట్యూనర్ కూడా దాన్ని తొందరగా పట్టుకుంటుంది. లావు తీగ మొరాయించినప్పుడు ఇది మంచి ఉపాయం.

రెండో సంగతి, ట్యూనర్ ఒక్క తీగనే వినాలి. మాండలిన్ శ్రీనివాస్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేశాడు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. ఆయన వాయించిన ఎలక్ట్రిక్ మాండలిన్‌కు ఐదు ఒంటి తీగలు. జత తీగల్లో రెండూ అచ్చం ఒకే శ్రుతిలో ఉండాలి, గమకం కోసం లాగినప్పుడు కూడా రెండూ సమానంగా సాగాలి. అది దాదాపు అసాధ్యం. ఒకటి కాస్త వెనకబడితే రెండు శబ్దాలు కలిసి అలలు అలలుగా ఊగుతాయి. ఒక హెర్ట్జ్ తేడా ఉంటే సెకనుకు ఒక ఊపు. ఒంటి తీగకు ఆ బాధ లేదు. పికప్ సాయంతో దాని నాదం నిలకడగా సాగుతుంది, లాగిన గమకం స్పష్టంగా వినపడుతుంది. కర్ణాటక సంగీతపు సూక్ష్మమైన స్వరస్థానాల్ని ఒక పాశ్చాత్య వాద్యం మీద పలికించిన ఆ ప్రతిభకు 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో ఆయన కన్నుమూసేనాటికి ఎలక్ట్రిక్ మాండలిన్ కర్ణాటక కచేరీ వేదిక మీద ఎవరూ ప్రశ్నించలేని వాద్యమైంది.

గిటార్‌కు ఆరూ ఒంటి తీగలే. అయినా ఒకటి మీటితే మిగతావి సానుభూతితో మోగుతాయి. లావు ఈ తీగ మీటినప్పుడు బి తీగ, సన్న ఈ తీగ తమంతట తామే పలుకుతాయి. ట్యూనర్‌కు అవన్నీ కలిపి వినపడతాయి. మీటిన తీగను మాత్రం వదిలి మిగతా వాటి మీద అరచేతి అంచునో, ఎడమ చేతి వేళ్లనో ఆనించాలి. అంతసేపూ ఊగిసలాడిన ముల్లు చాలాసార్లు ఇంతమాత్రానికే కుదుటపడుతుంది.

ఇక మీటే తీరు. గట్టిగా కొడితే తీగ ఎక్కువ దూరం ఊగుతుంది, ఊగినంతసేపూ కాస్త సాగి బిగుస్తుంది, శ్రుతి పైకి పోతుంది. తర్వాత ఊపు తగ్గేకొద్దీ కిందికి దిగుతుంది. ముల్లు మొదట కుడివైపు ఎగిరి ఆపైన మెల్లగా మధ్యకు జారడానికి కారణం ఇదే, అది పరికరం లోపం కాదు. బొటనవేలి కండతో గానీ, పిక్‌తో మెత్తగా గానీ, పన్నెండో ఫ్రెట్ దగ్గర మీటి, ఒక సెకను ఆగి చూడాలి. బ్రిడ్జి దగ్గర మీటితే పై స్వరాలు ఎక్కువగా వస్తాయి. ఉక్కు తీగ బిరుసుగా ఉంటుంది కాబట్టి ఆ పై స్వరాలు లెక్క ప్రకారం ఉండాల్సిన చోటు కంటే కాస్త పైన ఉంటాయి, ట్యూనర్‌ను తికమక పెడతాయి. గిటార్ మీద నెక్ పికప్ ఎంచుకుని, టోన్ నాబ్ బాగా తగ్గించి, వాల్యూమ్ పూర్తిగా పెంచితే అసలు స్వరం బలంగా వెళ్తుంది, పై స్వరాలు మసకబారతాయి.

ఇందులోనే ఒక సందేహం వస్తుంది. రాక్ పాటలకు గట్టిగా కొట్టేవాడు మెత్తగా మీటి శ్రుతి చేసుకుంటే వేదిక మీద తీగలన్నీ ఎక్కినట్టు వినపడవా? వినపడతాయి. అందుకే వాయించే బలానికి దగ్గరగానే మీటి, మొదటి ఎగురు అయిపోయాక నిలిచిన చోటు చూడటం మేలు. మెత్తగా మీటడం ట్యూనర్‌కు సుఖం, కానీ శ్రుతి చేసేది వినేవాళ్ల కోసం.

నెక్ పికప్‌తో ఒక చిక్కుంది. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లలో పికప్ అయస్కాంతాలు తీగలకు మరీ దగ్గరగా ఉంటే అవి తీగను లాగుతాయి. అప్పుడు లావు తీగ ఒకే స్వరంలో రెండు గొంతులు పలికినట్టు వణుకుతుంది. ఎంత మంచి ట్యూనర్ అయినా దాన్ని చదవలేదు. రెండు పక్కల స్క్రూలు తిప్పి పికప్‌ను కొద్దిగా కిందికి దించితే వణుకు పోతుంది.

కరెంటు సంగతి మరీ ముఖ్యం. మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్. సింగిల్ కాయిల్ పికప్‌లు ఆ రొదను, దాని రెట్టింపు 100 హెర్ట్జ్‌ను తీగ కంపనంతో పాటే పట్టుకుంటాయి. అత్యంత కింది సప్తకంలోని జి స్వరం 49 హెర్ట్జ్, దాని పైది 98. కాబట్టి తీగలన్నీ అదిమి పట్టినా ట్యూనర్ తెర మీద జి అక్షరం, ముప్పై అయిదు సెంట్లు ఎక్కినట్టుగా వెలుగుతూ ఉంటే, అది గిటార్ పలుకు కాదు, విద్యుత్ స్తంభం నుంచి వచ్చిన పలుకు. ఇదొక చక్కటి పరీక్ష, పైసా ఖర్చులేదు. ఏ తీగ 110 దగ్గర, ఈ రొదకు పక్కనే ఉంటుంది కనుక దాని కొలత ముందు చెడుతుంది. గిటార్ పట్టుకున్న మనిషి కాస్త అటూఇటూ తిరిగితే ఏదో ఒక దిక్కున రొద బాగా తగ్గుతుంది. ట్యూబులైట్లకు, అడాప్టర్లకు, యాంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా నిలబడాలి. 1950ల్లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రూపొందించిన హంబకర్ పికప్ ఈ రొదను తగ్గించడానికే పుట్టింది. రెండు కాయిల్స్‌ను ఎదురెదురు దిశల్లో చుట్టి కలిపితే బయటి రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మిగులుతుంది.

తీగల మీద చెయ్యి వేయగానే రొద తగ్గి, తీయగానే పెరిగితే ఒంటికి పట్టిన రొద తీగల దారిన భూమికి పోతోందని అర్థం. చాలా గిటార్లలో కొంతవరకు ఇది మామూలే. కానీ ఊళ్లో పందిరి కింద వేసిన వేదికల మీద ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూసుకోవడం శ్రుతి కంటే ముందు పని. రొద పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు ప్రాణాంతకం. స్టోన్ ది క్రోస్ బృందపు గిటారిస్టు లెస్లీ హార్వే 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో వేదిక మీదే, ఎర్తింగ్ లేని మైకును తాకి కరెంటు షాక్‌తో చనిపోయాడు. గిటార్ తీగలు ఒక చేతిలో, మైకు పెదవికి తాకేంత దగ్గరలో పెట్టుకుని పాడే ప్రతివాడూ గుర్తుపెట్టుకోవాల్సిన సంఘటన అది.

పెడల్ ట్యూనర్ వాడేవాళ్లు దాన్ని గిటార్ పక్కనే, మిగతా పెడల్స్ అన్నిటికంటే ముందు పెట్టాలి. కోరస్, డిలే వంటివి దాటి వచ్చిన శబ్దంలో ఒకే స్వరం రెండు మూడు శ్రుతుల్లో ఉంటుంది. ఫోన్ యాప్ వాడేవాళ్లకు మొదటి శత్రువు సీలింగ్ ఫ్యాన్. తిరిగే రెక్కలు శబ్దాన్ని ముక్కలుగా కోసి ఊపుతాయి. శ్రుతి అయ్యేదాకా ఫ్యాన్ ఆపాలి, ఫోన్‌ను గిటార్ ఒంటికి దగ్గరగా పట్టాలి. హెడ్‌స్టాక్‌కు పట్టించే క్లిప్ ట్యూనర్ గాలిలోని శబ్దాన్ని కాక చెక్క కంపనాన్ని చదువుతుంది. కనుక తిరునాళ్ల సందడిలోనూ, డప్పుల మధ్యలోనూ అదే నమ్మకమైనది. బ్యాటరీ నీరసిస్తే మాత్రం దాని మాట నమ్మకూడదు.

శబ్దం శుభ్రమైందనుకుందాం. ముల్లు నిలిచింది, మధ్యకు తెచ్చారు, రెండు పాటలయ్యేసరికి మళ్లీ దిగిపోయింది. అప్పుడు చూడాల్సింది నట్. తీగ కూర్చునే ఆ గాడి ఇరుకైతే కీ తిప్పినా తీగ కదలదు, కాసేపు పట్టుకుని ఒక్కసారిగా టక్కున జారుతుంది. ఆ టక్ శబ్దం వినపడితే గాడిలో పెన్సిల్ ములుకు రుద్దాలి. అందులోని గ్రాఫైట్ తీగను జారనిస్తుంది. ఎప్పుడూ కింది నుంచి పైకే రావాలి. స్వరం ఎక్కిపోతే నేరుగా దించి ఆపకుండా, బాగా కిందికి దించి మళ్లీ బిగించుకుంటూ రావాలి. దించి ఆపితే కీ పళ్ల మధ్య మిగిలిన ఖాళీ వల్ల తీగ తర్వాత జారిపోతుంది. కొత్త తీగలైతే వేశాక ఒక్కొక్కటీ వేళ్లతో పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చేసి, ఇక దిగనని మొండికేసేదాకా సాగదీయాలి. ఈ ఓపిక లేకపోతే కొత్త తీగల మొదటి రోజంతా వృథా.

పది-నలభై ఆరు సెట్ అనే మామూలు తీగలు ఆరూ కలిసి గిటార్ మెడను నలభై అయిదు కిలోలకు పైగా బరువుతో లాగుతుంటాయి. ఒక తీగ బిగిస్తే మెడ వెంట్రుకంత వంగుతుంది, మిగతావి అంతే దిగుతాయి. అందుకే ఒకసారి ఆరూ అయ్యాక మరోసారి మొదటి నుంచి రావాలి. ఫ్లాయిడ్ రోజ్ లాంటి తేలియాడే బ్రిడ్జి ఉన్న గిటార్లలో ఇది మరీ ఎక్కువ. స్ప్రింగులు ఒకవైపు, తీగలు మరోవైపు లాగుతూ సమతూకంలో ఉంటాయి కనుక మూడు నాలుగు చుట్లు తప్పవు. గిటార్‌ను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి శ్రుతి చేసి, నిలబడి వాయించడం కూడా పొరపాటే. వాయించే భంగిమలోనే చేయాలి.

వాతావరణం తన పని తాను చేస్తుంది. ఉక్కు వేడికి సాగుతుంది. లెక్క కడితే, పది డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగినప్పుడు చెక్క ఏమాత్రం కదలదనుకున్నా సన్న ఈ తీగ పదిహేను సెంట్ల దాకా దిగుతుంది. మే నెలలో ఏసీ గదిలో శ్రుతి చేసి పందిరి కిందికి వస్తే జరిగేది అదే. డిసెంబరు రాత్రి క్రిస్మస్ కార్యక్రమానికి హాల్లో శ్రుతి చేసి ఆరుబయటికి వస్తే దీనికి తారుమారు, తీగలన్నీ ఎక్కుతాయి. వాద్యాన్ని వేదిక మీద పెట్టె తెరిచి ఇరవై నిమిషాలు వదిలేశాకే ట్యూనర్ ముట్టుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు తీరాన్ని తడిపేస్తాయి. ఆ తేమకు మెడ చెక్క ఉబ్బి, వంపు మారుతుంది. రోజువారీ శ్రుతితో ఇది తీరదు, మెడ లోపలి ట్రస్ రాడ్ సరిచేయించాలి.

ఉప్పుగాలి తీగను మెరుపు పోగొట్టడంతో వదిలిపెట్టదు. తుప్పు, చెమట పొర తీగ మీద ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పేరుకుంటాయి. బరువు సమంగా లేని తీగ ఖాళీగా మీటితే ఒక శ్రుతి, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే మరో శ్రుతి పలుకుతుంది. వాయించాక ప్రతి తీగనూ పొడిగుడ్డతో అడుగు నుంచి తుడవడం ఈ ప్రాంతంలో తప్పనిసరి. తీగలు కొత్తవై ఉండీ పన్నెండో ఫ్రెట్ స్వరం, అక్కడి హార్మోనిక్ కలవకపోతే ఇంటొనేషన్ చూడాలి. నొక్కిన స్వరం ఎక్కి ఉంటే బ్రిడ్జి మీది శాడిల్‌ను వెనక్కి జరపాలి, దిగి ఉంటే ముందుకు. పాత తీగల మీద ఈ పని చేయడం శ్రమ దండగ.

ట్యూనర్ లేనిరోజుల్లో అయిదో ఫ్రెట్, ఏడో ఫ్రెట్ హార్మోనిక్‌లు కలిపి శ్రుతి చేసే పద్ధతి గురువుల నుంచి శిష్యులకు వచ్చింది. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ అందులో ఒక దోషం ఉంది. హార్మోనిక్‌లు ప్రకృతి నిష్పత్తిలో కలుస్తాయి, ఫ్రెట్లు సమాన విభజనలో ఉంటాయి. ఒక్కో తీగ దగ్గర రెండు సెంట్ల చొప్పున తేడా పోగై, జి తీగకు వచ్చేసరికి ఆరు సెంట్లు దిగుతుంది. ఆ తీగను కార్డ్‌కు ఒకలా సర్దడం కూడా పనికిరాదు. ఈ మేజర్ పట్టినప్పుడు దాని మీది స్వరం ఎక్కినట్టు వినపడుతుంది. సమాన విభజనలో ఆ అంతరం సహజ నిష్పత్తి కంటే 14 సెంట్లు ఎక్కువ కాబట్టి అలా ఉంటుంది. దాన్ని దించితే జి మేజర్ పాడవుతుంది. ట్యూనర్ చెప్పినచోటే ఉంచి ముందుకెళ్లడమే మంచి నిర్ణయం.

చిల్లకూరు పక్కనే గూడూరు. 1960ల్లో అక్కడి పాటల పోటీలో ఒక కుర్రవాడి గొంతు విని ఎస్. జానకి మెచ్చుకున్నారు. ఆ కుర్రవాడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. సినిమాల్లో స్థిరపడకముందు మద్రాసులో ఆయన నడిపిన బృందంలో ఇళయరాజా, గంగై అమరన్ గిటార్ వాయించేవారు, హార్మోనియం కూడా ఉండేది. హార్మోనియం రీడ్లను వేదిక మీద ఎవరూ సవరించలేరు. అది 438 దగ్గర ఉంటే గిటార్ కూడా అక్కడికే రావాలి, 440 అనే ప్రమాణం ఆ సాయంత్రానికి పక్కకు తప్పుకోవాలి. ట్యూనర్లలో కాలిబ్రేషన్ మీట ఉన్నది ఇందుకే. ముందు హార్మోనియం ఏ స్వరాన్ని ట్యూనర్‌కు వినిపించి, ఆ అంకెను పెట్టుకుని, తర్వాత గిటార్ అందుకోవాలి.

అదే మీట సంచిలో ఒత్తుకుపోయి 442కు మారిపోవడం చాలా మామూలు. అప్పుడు ముల్లు అద్భుతంగా మధ్యలో నిలుస్తుంది, గిటార్ మాత్రం కీబోర్డు కంటే దాదాపు ఎనిమిది సెంట్లు పైన పలుకుతుంది. మొదటి తీగ మీటకముందే ట్యూనర్ తెర మూలన ఎంత అంకె ఉందో చూసుకోండి.